సిగ్రున్ కొన్న తుపాకీ

సిగ్రున్ తుపాకీ కొనబోతోందన్న మాట సోమవారం పొద్దున పాల లారీ డ్రైవరు చెవిన పడింది. మధ్యాహ్నానికి లోయ మొత్తానికి తెలిసింది. సాయంత్రానికల్లా ఆమె ఏ తుపాకీ కొనాలో కూడా లోయవాళ్ళు తేల్చేశారు, ఆమెను తప్ప అందరినీ అడిగి.

కొందరు పెద్దది కొనమన్నారు. గొట్టం పొట్టిగా ఉంటే పొదల్లో అడ్డం పడదని ఇంకొందరు చెప్పారు. పెట్రోలు బంకులో ఒకాయన ఆడవాళ్ళకి తేలికపాటి తుపాకీయే మేలని తేల్చాడు. తుపాకీ ఎంత తేలికైతే భుజాన్ని అంత గట్టిగా తంతుందన్న సంగతి మాత్రం ఆయన చెప్పలేదు. తెలిసుంటే కదా చెప్పడానికి.

సిగ్రున్‌కి నలభై మూడేళ్ళు. పద్దెనిమిది ఆవులు, భర్త ఐవిండ్, ఏటి ఒడ్డున గడ్డి భూమి, ఇదీ ఆమె సంసారం. అప్పటిదాకా తుపాకీ ముట్టుకున్నది లేదు, ముట్టుకోవాలన్న సరదా కూడా లేదు. ఇప్పుడు ముట్టుకోక తప్పని పరిస్థితి వచ్చిపడింది.

అక్కడి అడవి పదకొండు ఇళ్ళకి ఉమ్మడి. సెప్టెంబరు చివర్లో ఎల్గ్ దుప్పుల వేట మొదలవుతుంది. గుర్రమంత ఎత్తుండే దుప్పులవి. వేట జట్టులో ఇంటికొక మాటు ఉంటుంది, అది ఎక్కడన్నది జట్టు పెద్ద చెప్తాడు. ఆ మాటులో ఇంటి మనిషి ఒకరు తుపాకీ పట్టుకుని కూర్చోవాలి. వరసగా రెండేళ్ళు మాటు ఖాళీగా వదిలేస్తే అది వేరేవాళ్ళకి పోతుంది, తిరిగి దక్కాలంటే ఒక తరం పడుతుంది. సిగ్రున్ ఇంటి మాటు పోయినేడు ఖాళీ. ఈ ఏడూ ఖాళీ అయితే చాలు, రోడ్డవతలి ఇంటి అల్లుడు తుపాకీకి నూనె రాసుకుని సిద్ధంగా ఉన్నాడు.

ఆ మాటు ఖాళీ కావడానికి కారణం రెండేళ్ళ కిందటి ఒక దుప్పి. ఆ అక్టోబరులో ఐవిండ్, వేరే ఇంట్లో ఉండే అతని తండ్రి ఒడ్వార్ పక్కపక్క మాటుల్లో కూర్చుని, చెట్లు నరికిన ఒక ఖాళీ జాగాకి కాపు కాశారు. ఒడ్వార్ ముప్పై ఏళ్ళుగా జట్టు పెద్ద. ఖాళీలోకి ఒక మగ దుప్పి ఎడమవైపునుంచి వచ్చి కుడివైపుకి నడిచింది. ఇద్దరూ ఒకేసారి కాల్చారు. దుప్పి పడలేదు, అడవిలోకి పోయింది. మర్నాడు సాయంత్రం కుక్కలు దాన్ని బురదనేలలో కనిపెట్టాయి. గుండు కడుపులోంచి దూసుకుపోయింది, ఇంకా ప్రాణం ఉంది. తగిలింది ఒక్క గుండే. అది ఎవరిదో చెప్పడానికి ఏ ఆధారమూ దొరకలేదు. రెండొందల కిలోల మాంసం పాడైంది. మాంసం సంగతి అటుంచితే, జంతువుని రెండు రోజులు యాతన పెట్టడమన్నది ఆ లోయలో చర్చి మెట్లమీద తాగి తన్నుకోవడంకన్నా పెద్ద తప్పు.

ఒడ్వార్‌ది మాగ్నమ్ రైఫిల్. పేలితే కొండ అవతల ఊరికి వినిపిస్తుంది. ఐవిండ్‌ది ఆరున్నర మిల్లీమీటర్ల పాతకాలపు రకం. మాగ్నమ్ తగిలితే దుప్పి ఉన్నచోటే కూలేదని, కూలలేదు కాబట్టి ఇది ఆరున్నర చేసిన పనేనని జట్టు తేల్చింది. ఆ మాట మొదట అన్నది ఒడ్వారే. ఐవిండ్ కాదనలేదు. నడుస్తున్న జంతువుని కాల్చానన్న బెంగ అతనికి ముందే ఉంది, తండ్రి మాటతో అది ఖాయమైపోయింది. ఆ వారమే తుపాకీ అమ్మేశాడు. అప్పటినుంచి గురువారాలు గురి క్లబ్బుకి వెళ్ళడం మానేశాడు. కొట్లో నలుగురున్నచోట నిలబడడం కూడా మానేశాడు.

సిగ్రున్‌కి కోపమంతా దీనిమీదే. మాటు చేజారితే ఆ ఇంటివాళ్ళకి గురి లేదన్న మాట రాయిలా పాతుకుపోతుంది, ఐవిండ్ ఇక ఈ జన్మలో తలెత్తడు. అందుకే వసంతంలో వేట చదువు చదివి పరీక్ష రాసింది. పోలీసుల దగ్గర తుపాకీ కొనడానికి అనుమతి తెచ్చుకుంది. ఆ కాగితం భోజనాల బల్లమీద పెట్టినప్పుడు ఐవిండ్ దాన్ని రెండుసార్లు చదివాడు.

"కొనుక్కో. ఆరున్నర మాత్రం కొనకు" అన్నాడు.

జూన్‌లో గడ్డి కోతకి ముందు ఒక ఖాళీ పూట చూసుకుని పట్నంలో స్టైనార్ కొట్టుకి వెళ్ళింది. స్టైనార్ అమ్మకం మనిషే కానీ తొందరపెట్టే రకం కాదు. ముందు ఆమె చేతులు చూశాడు, మెడ చూశాడు. ఒక తుపాకీ ఇచ్చి, కళ్ళు మూసుకుని భుజానికి ఆనించమన్నాడు. కళ్ళు తెరిచేసరికి తుపాకీమీది దుర్భిణిలో ఆమెకి నల్లటి నెలవంక తప్ప ఏమీ కనిపించలేదు. అంటే భుజానికి ఆనే మడమ చెక్క పొడుగన్నమాట. పొడుగు తగ్గించిన ఇంకొకటి ఇచ్చాడు. ఈసారి కళ్ళు తెరవగానే వీధి చివర ట్రాఫిక్ బోర్డు గుండ్రంగా, నిండుగా కనిపించింది. మెడ సాచనక్కర్లేదు, ముడుచుకోనక్కర్లేదు.

"చెప్పులు కొనేటప్పుడు చూసుకున్నంత కూడా తుపాకీ కొనేటప్పుడు చూసుకోరు జనం. దుప్పి ఎంత పెద్దదో చెప్తారు, నీ చెయ్యి ఎంత పొడుగో చెప్పరు" అన్నాడు స్టైనార్.

అదే మడమతో మూడు రకాలు బల్లమీద పరిచాడు: మాగ్నమ్, మూడు సున్నా ఎనిమిది అనే మధ్యరకం, ఆరున్నర. మూడూ దుప్పికి చట్టం ఒప్పుకున్నవే. మధ్యదాన్ని చూపించి, ఇది కొన్నవాళ్ళు తిరిగొచ్చి పోట్లాడిన సందర్భం లేదన్నాడు. సిగ్రున్‌కి దానిమీదికే మనసు పోయింది. మాగ్నమ్ కాదు కాబట్టి భుజం ఉంటుంది, ఆరున్నర కాదు కాబట్టి ఊరి నోరు మూతపడుతుంది. అయినా ఆ రోజు ఏదీ కొనలేదు. ఆవుని కొన్నా పాలు పిండి చూడకుండా కొనే మనిషి కాదామె.

పిండి చూడడానికి గున్వోర్ దగ్గరికి వెళ్ళింది. గున్వోర్ డెబ్బై దాటిన మనిషి, గురి క్లబ్బు ఆమె చేతిలోనే నడుస్తుంది. ఏటా వేటకి ముందు అందరూ నెగ్గాల్సిన కాల్పుల పరీక్షకి కూడా ఆమే పర్యవేక్షకురాలు. గురువారాలు మైదానంలో కాఫీ, అట్లు, వాటిమీద గోధుమరంగు చీజ్ ముక్కలు ఎప్పుడూ ఉంటాయి. మొహమాటం మాత్రం అక్కడ దొరకదు.

ఆ గురువారం ఒడ్వార్ తన మాగ్నమ్‌ని కోడలికి స్వయంగా తెచ్చి ఇచ్చాడు. పట్టుకుంటే ఇలాంటిది పట్టుకోవాలని చెప్పి, పనుందని వెళ్ళిపోయాడు. సిగ్రున్ చాపమీద బోర్లా పడుకుని అయిదు గుండ్లు కాల్చింది. మొదటిది గురి మధ్యలో పడింది. రెండోది కాస్త కిందికి, మూడోది ఇంకా కిందికి, ఎడమకి. అయిదోది పలకకే తగల్లేదు. భుజం ఆవు తన్నినట్టుంది. ఆవు తన్ను ఎలా ఉంటుందో సిగ్రున్‌కి బాగా తెలుసు.

"ఇటియ్యి, ఈసారి నేను నింపుతాను" అంది గున్వోర్. ఆమె నింపినదాంట్లో ఒకటి మందులేని ఉత్త తూటా. అది ఏదో సిగ్రున్‌కి తెలియదు. రెండోసారి మీట నొక్కింది. టక్కుమని శబ్దం వచ్చిందే తప్ప పేలలేదు. పేలకుండానే గొట్టం మూతి కిందికి పొడుచుకుంది, ఆమె కళ్ళు రెండూ మూసుకుపోయాయి. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"నీ తప్పేం లేదు. తన్నబోతోందని ఒళ్ళు ముందే తెలుసుకుని తోసేస్తుంది. అందరికీ వస్తుంది. మాగ్నమ్ పట్టిన మగాళ్ళు ఒప్పుకోరు, అంతే తేడా" అంది గున్వోర్.

తర్వాత క్లబ్బు తుపాకులు ఇచ్చింది. మూడు సున్నా ఎనిమిది పరవాలేదనిపించింది. ఆరున్నర భుజాన్ని తట్టి ఊరుకుంది. ఇరవై గుండ్లయ్యేసరికి సిగ్రున్ తుపాకీ సంగతే మరిచిపోయి గురిని మాత్రమే చూస్తోంది. ఉత్త తూటా వచ్చినప్పుడు గొట్టం కదల్లేదు.

రెంటిలో ఏది మంచిదని సిగ్రున్ అడిగింది. గున్వోర్ సూటిగా చెప్పింది. చోటు చూసి కొడితే రెండూ దుప్పిని పడగొడతాయి, చోటు తప్పితే ఫిరంగి తెచ్చినా పడగొట్టలేదు. దుప్పిమీద పేల్చేది ఏడాదికి ఒక్క గుండు. గురువారాల్లో పలకలమీద పేల్చేవి మూడొందలు. మూడొందలసార్లు ఇష్టంగా పేల్చగలిగిందే ఆ ఒక్కసారీ మాట వింటుంది. క్లబ్బులో అందరూ కాల్చేది ఆరున్నరే కాబట్టి తూటాలకి కొదవుండదు. ఊరి నోటి గురించి అడిగితే మాత్రం ఆ విషయం తన శాఖ కాదంది.

ఇంటికి వెళ్ళే దారంతా సిగ్రున్ ఆలోచించింది. మూడు సున్నా ఎనిమిది కొంటే ఎవరూ వేలెత్తి చూపరు. కానీ ఊరి భయంతో అది కొంటే, ఆరున్నరే తప్పు చేసిందని తన చేత్తో సంతకం పెట్టినట్టే. ఐవిండ్ ఎన్నో ఏళ్ళు ఆ తుపాకీతో ఒక్క జంతువునీ యాతన పెట్టలేదు. శుక్రవారం పొద్దున స్టైనార్ కొట్టుకి వెళ్ళి ఆరున్నర కొనేసింది. గట్టి దుర్భిణి, చెమ్మకి ఉబ్బని మడమ, పది గ్రాముల గుండ్లు నాలుగు పెట్టెలు తీసుకుంది.

ఆ సాయంత్రం ఒడ్వార్ వంటింట్లోకి వచ్చి, బల్లమీది తుపాకీ గొట్టంమీద చెక్కిన అంకె చదివాడు. ముఖం గంటు పెట్టుకున్నాడు.

"ఈ ఇంటికి ఒకసారి సరిపోలేదా సిగ్రున్? ఎలకలు కొట్టుకోడానికా ఇది?"

"నువ్వు తెచ్చిచ్చింది కూడా కాల్చి చూశాను ఒడ్వార్. భయమేసింది. ఇది కాలిస్తే భయం లేదు."

"దుప్పికి నీ భయంతో పనేంటి?"

"దుప్పికే పని. తగలాల్సిన చోట తగలాలిగా."

ఇలాంటిది పట్టుకొస్తే రోడ్డు పక్క మాటు తప్ప ఇవ్వనని, అక్కడ కార్లు తప్ప ఏవీ రావని ఒడ్వార్ చెప్పాడు. కారొస్తే చెయ్యి ఊపుతానంది సిగ్రున్. ఐవిండ్ గోడకి ఆనుకుని ఇద్దరి మాటలూ విన్నాడు. తుపాకీని మాత్రం ముట్టుకోలేదు. అతను వద్దన్న ఒక్క పనే ఆమె చేసింది. ఆ బాధ సిగ్రున్‌కి చాలా రోజులుంది.

జూలై, ఆగస్టు గడిచాయి. సిగ్రున్ ఒక్క గురువారం కూడా తప్పలేదు. పడుకుని, కూర్చుని, కర్రకి ఆనించి, రెండొందల ఎనభై గుండ్లు కాల్చింది. మొదట్లో పళ్ళెమంత జాగాలో పడేవి రానురాను అరచేయంత జాగాలో పడసాగాయి.

ఆగస్టు చివరి శనివారం పరీక్ష పెట్టారు. వంద మీటర్ల దూరంలో దుప్పి బొమ్మ, దాని ముందుకాలి వెనక జానెడున్నర సున్నా. అయిదు గుండ్లూ అందులోనే పడాలి. ఒకటి తప్పినా మళ్ళీ మొదలు. ఆ రోజు తొమ్మిదిమంది వచ్చారు. సిగ్రున్ నాలుగోది. కాల్చింది, లేచింది. అయిదూ సున్నాలోనే ఉన్నాయి. గున్వోర్ కాగితంమీద ముద్ర వేసి, అట్లు చల్లారిపోతున్నాయి వెళ్ళమంది.

తర్వాత ఒడ్వార్ చాపమీద పడుకున్నాడు. మూడు లోపల, రెండు బయట. దుర్భిణి జరిగినట్టుందన్నాడు. గున్వోర్ దుర్భిణి బిగువు చూసి బాగానే ఉందని చెప్పి, మళ్ళీ కాల్చమంది. అతని తుపాకీలో ఒక్కసారికి మూడే తూటాలు పడతాయి. మూడు కాల్చాడు. కంగారులో లెక్క మరిచిపోయి, బోల్టు లాగి మూసి, నాలుగోసారి మీట నొక్కాడు.

టక్కుమంది. గొట్టం మూతి కిందికి, ఎడమకి పొడుచుకుంది.

వెనక ఎనిమిదిమంది నిలబడి ఉన్నారు. ఎనిమిదిమందీ చూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది సిగ్రున్‌కి.

"ఇంకో రెండు పెట్టుకో ఒడ్వార్" అంది గున్వోర్ మామూలు గొంతుతో.

అతను పెట్టుకోలేదు. తుపాకీని సంచిలో వేసుకుని కారు దగ్గరికి నడిచాడు. సిగ్రున్ దుప్పి బొమ్మవైపు చూసింది. బొమ్మ తల కుడివైపు ఉంది. ఒడ్వార్ బయట కొట్టిన గుండ్లు సున్నాకి ఎడమ పక్కన, కింద ఉన్నాయి. దుప్పికి అక్కడ ఉండేది కడుపు. ఆమెకి ఒక్కసారిగా ఒళ్ళు మండిపోయింది. చేతిలో కాఫీ కప్పు అలాగే పట్టుకుని అతని వెనక పరిగెత్తింది.

ఒడ్వార్ కారులో కూర్చున్నాడు కానీ తాళం తిప్పలేదు. అద్దం దించాడు. ఆ కాసేపట్లోనే ముసలివాడైపోయినట్టున్నాడు. ఆమెకి జాలి వేసింది, జాలి వేసినందుకు ఇంకా కోపం వచ్చింది.

"ఎన్నాళ్ళనుంచి ఇలా ఉంది?" అని అడిగింది.

"ఆరేడేళ్ళు" అన్నాడు.

"అయితే ఆ దుప్పి ఎవరిదో నీకు తెలుసు. ఇప్పుడు నాకూ తెలుసు. ఐవిండ్‌కి నేను చెప్పను. నువ్వే చెప్పాలి."

అద్దం పైకి లేచింది. కారు వెళ్ళిపోయింది.

ఆదివారం రాలేదు, సోమవారం రాలేదు. మంగళవారం సాయంత్రం పాలు తీసే వేళకి కొట్టం తలుపు దగ్గర ఒడ్వార్ కనిపించాడు. ఐవిండ్ ఆవు పొదుగుకి పంపు తగిలిస్తున్నాడు, సిగ్రున్ రెండావుల అవతల ఉంది. అవతలికి పోదామా అనుకుంది, పోలేదు.

"ఆ దుప్పిని కొట్టింది నేను" అన్నాడు ఒడ్వార్. "మీట నొక్కేటప్పుడు కళ్ళు మూసుకున్నాను. గొట్టం కిందికి పోవడం నాకు తెలిసింది. నీ గుండు తప్పిపోయుంటుంది. అక్కడే చెప్పాల్సింది. నేను జట్టు పెద్దని. నోరు రాలేదు. నువ్వు చిన్నవాడివి, కొన్నాళ్ళకి మరిచిపోతావనుకున్నాను."

ఐవిండ్ పంపు సరిచేశాడు. ఆవు వీపుమీద చెయ్యి వేశాడు.

"రెండేళ్ళు నాన్నా" అన్నాడు. "ఏ రాత్రీ సరిగ్గా నిద్రపోలేదు. దారిలో ఎవరైనా నవ్వుతూ కనిపిస్తే నా గురించేమో అనుకునేవాణ్ణి. నువ్వు ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చి కాఫీ తాగావు."

"అవును."

"తుపాకీ అమ్ముకున్నాను."

"తెలుసు. ఈ ఏడు నా మాటు నువ్వు తీసుకో. నేను తుపాకీ పట్టను, కుక్కతో తిరుగుతాను."

"నీ మాటు నాకొద్దు. ఇప్పుడు నాకు చెప్పావు చూడు, ఇదంతా జట్టులో చెప్పు. ఒక్క మాట తగ్గించకుండా చెప్పు. నువ్వు చెప్పేదాకా మా ఇంటికి రావొద్దు."

ఒడ్వార్ తలాడించి వెళ్ళిపోయాడు. ఐవిండ్ మిగతా ఆవుల పాలన్నీ తీసి, గొట్టాలు కడిగి, లెక్క రాసి, అప్పుడు గడ్డిమూటమీద కూర్చుని ఏడ్చాడు. సిగ్రున్ పక్కన కూర్చుంది. ఆమె కూడా ఏడ్చింది.

వేటకి ముందు ఆదివారం జట్టు సమావేశం బడి గదిలో జరిగింది. మధ్యాహ్నం రెండు గంటలకి పదకొండు ఇళ్ళవాళ్ళూ చేరారు. రోడ్డవతలి అల్లుడు కొత్త టోపీ పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఐవిండ్ రెండేళ్ళ తర్వాత ఆ గదిలో అడుగుపెట్టాడు, తలుపు దగ్గరి బెంచీమీద సిగ్రున్ పక్కన కూర్చున్నాడు.

ఒడ్వార్ లేచాడు. కాగితాలు బల్లమీద పెట్టి, కొట్టంలో చెప్పిందంతా చెప్పాడు. మీట సంగతి, మూసుకున్న కళ్ళ సంగతి, నోరు రాకపోవడం, కొడుకు మరిచిపోతాడనుకోవడం, అన్నీ చెప్పాడు. ఒక్క మాట తగ్గించలేదు. జట్టు పెద్దగా ఇంకొకర్ని చూసుకోమన్నాడు, ఈ ఒక్క జాబితా మాత్రం రాసి ఇస్తానన్నాడు. ఐవిండ్ చెయ్యి చల్లగా ఉంది. సిగ్రున్ దాన్ని పట్టుకుని ఉంది.

తర్వాత అతను ఒక్కొక్క ఇల్లే పిలిచి, మాటులో కూర్చునేవాళ్ళ పేరు, తుపాకీ రకం అడిగి రాసుకుంటూ పోయాడు. ఎనిమిదోది వాళ్ళ ఇల్లు. ఇంటి పేరు పిలిచి తలెత్తాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. సిగ్రున్ జవాబు చెప్పబోయింది. ఆమెకన్నా ముందు ఐవిండ్ లేచి నిలబడ్డాడు.

"సిగ్రున్" అన్నాడు, గదిలో చివరిదాకా వినపడేలా. "ఆరున్నరతో."

ఒడ్వార్ రాసుకున్నాడు.